అరువు గొంతు

ముప్ఫై ఒక్క ఏళ్ళు యుఖీం స్కిబెంకోకి గుండీలు కుట్టాను.
పోస్ట్‌మాన్ కోటుకి, జర్మన్ అధికారి కోటుకి,
తాగుబోతు డీకన్ అంగీకి మాత్రం కావాలనే ఒకటి తక్కువ.
అతని మెడ కొలత నాకు నోటికొచ్చు,
నలభై రెండు.
పస్తులున్న పాత్ర అయితే నలభై నాలుగు పెట్టేదాన్ని,
కాలర్లో మెడ ఊగిసలాడాలి కదా.

చెర్నిహివ్ నాటకశాలలో మూడో అద్దం అతనిది.
మొదటిది నాయకుడిది.
రెండోది నాయకుణ్ణవుతానని జుట్టు నెరిసేదాకా అనుకున్నవాడిది.
మూడో అద్దం మూల పూత రాలిపోయి
ఎడమ చెవి కనబడేది కాదు.
"దానితో పనేముందిలే మోత్రా,
జనం చూసేది ముక్కునేగా."

ముక్కంటే ముక్కే మరి.
తవ్వేటప్పుడు పార తగిలిన బంగాళాదుంప.
ఆ ముక్కుతో ప్రేమించే పాత్ర ఎవరిస్తారు?
తలుపు తీసేవాడు, కబురు తెచ్చేవాడు,
తప్పు రైలు ఎక్కించే టికెట్ కలెక్టరు.

కొనొటోప్ దగ్గర పల్లెలో తండ్రి బండి చక్రాలు చేసేవాడట.
చక్రం చప్పుడు విని బరువెంతో చెప్పేవాడట.
అందుకేనేమో,
"ముందు చెప్పులివ్వు, మాటలు తర్వాత చూద్దాం" అనేవాడు యుఖీం.
ఖాళీ వరండాలో గంటసేపు నడిచేవాడు.
మడమ ఎక్కడ అరిగిందో తెలిస్తే
మనిషి దొరికినట్టేనట.

సినిమావాళ్ళు ఒక్కరోజు పనికి పిలిచేవాళ్ళు.
యాభై ఎనిమిది సినిమాలు.
ఇరవై రెండింట్లో చచ్చిపోయాడు.
గుర్రం కింద ఓసారి, పిండిమర వాకిట్లో ఓసారి,
ఓసారి నాయికకి ఉత్తరమందించి ఊరికే కూలిపోయాడు,
ఎందుకో దర్శకుడికీ తెలీదు.

మొదటి సినిమాకి తల్లిని తీసుకెళ్ళాడు.
నేనూ ఉన్నాను పక్క కుర్చీలో.
తెర మీద యుఖీం నోరు తెరిచాడు.
పెదవులు అతనివి.
గొంతు ఎక్కడో దూరపు స్టూడియోలో ఎవరిదో,
భాష కూడా ఇంట్లోది కాదు,
ఇస్త్రీ చేసిన రష్యన్.
ముసలమ్మ పొద్దుతిరుగుడు గింజలు నమలడం ఆపేసింది.
"ఎవడ్రా నీ లోపల మాట్లాడేది?"

ఏం చెబుతాడు.
ఒలిచిన తొక్కలు ఆమె ఒళ్ళోంచి ఏరుతూ కూర్చున్నాడు.

ఆ తర్వాత మూగవాళ్ళ పాత్రలు
అడిగి మరీ తీసుకున్నాడు.
వినయం అనుకున్నారు అందరూ.

ఇక మొన్నటి చలికాలం సంగతి.
అతనికి డెబ్భై తొమ్మిది, నాకు సూదిలో దారం ఎక్కడం లేదు.
హాల్లో జనం కోట్లు విప్పకుండానే కూర్చున్నారు.
రెండో అంకంలో కరెంటు పోయింది.
కుర్ర నాయకుడు మాట మధ్యలో బిగుసుకుపోయాడు.
యుఖీం రాత్రి కాపలావాడు, నాలుగే మాటలు.
ఆ నాలుగూ చెప్పాడు చీకట్లో.
ఆగుతాడనుకున్నాను.

ఆగలేదు.
ఉత్తరమందించి చచ్చినవాడి మాట వచ్చింది ముందు,
తర్వాత పిండిమర వాడిది,
గుర్రం కింద పడ్డవాడు ఆఖరున తల్లికి చెప్పమన్నది,
అన్నీ తన గొంతుతో, ఇంటి భాషలో,
కొంచెం ముక్కుతో.
నాటకంలోవే అనుకున్నారు జనం.
నాకు మాత్రం కోటు కోటుగా తెలిసిపోయింది,
బట్టల గది తలుపు తీసినట్టు
ఒక్కొక్కరే బయటికొచ్చారు.
ఎవరూ ఫోన్ దీపం వెలిగించలేదు.
ఎవరో దగ్గబోయి మింగేశారు.

వెలుగొచ్చేసరికి
యుఖీం తన గీత మీదే నిలబడి ఉన్నాడు,
చేతిలో ఉత్తుత్తి లాంతరు.
కుర్రాడు ఆగిన చోటే అందుకున్నాడు.

పత్రికలో పేరు తప్పు పడింది, స్కిబెంకో బదులు స్కిబా.
కత్తిరించి డబ్బాలో దాచాను.
కాపలావాడి కోటుకి అడుగు గుండీ వేలాడుతోంది.
శుక్రవారం మళ్ళీ ఆట ఉంది.
ఎవరైనా నా సూదిలో దారం ఎక్కించి పెట్టండి.