ఎర్ర పొలం, అద్దం లేకుండా

కోట్‌బుస్‌లో మంగళవారాలు బేరాలుండవు.
సన్నగా వాన, పడుతూ, మానేస్తూ.
జిగురు డబ్బా మూత ఊడక నేను తంటాలు పడుతుంటే
వోర్షా వచ్చింది.
సంచిలోంచి దారం తీసింది,
రెండు ముళ్లు వేసిన నూలు దారం.
"ఇదీ నా గోడ."

కిటికీలో రెండేళ్లుగా వేలాడుతున్న బొమ్మనే చూపించింది.
అచ్చు బొమ్మే. అసలుది ఎక్కడో మ్యూజియంలో,
కాపలావాళ్ల మధ్య.
ఎర్రటి పొలం, దాన్ని అడ్డంగా కోసుకుపోయే ఊదారంగు బాట,
గాలి లేకుండానే ఒక పక్కకి ఒరిగిన నీలం చెట్లు,
ఆకాశానికి కామెర్లు.
కొన్నవాళ్లు లేరు. అడిగినవాళ్లు మాత్రం
"ఇదేంటి, పొలం తగలబడుతోందా?" అని నవ్వి
పక్కనున్న బాతుల క్యాలెండరు పట్టుకుపోయేవాళ్లు.

ఆమె నవ్వలేదు. ముక్కు ఆనేంత దగ్గరికెళ్లి
"అక్టోబరు," అంది.
"దుక్కి దున్నిన మర్నాడు.
ఇంత ఎరుపేమీ ఉండదు గానీ, ఇలాగే ఉంటుంది."

బొమ్మకి ఆరు యూరోలు, ఫ్రేముకి ముప్పై ఎనిమిది.
పిల్ల కన్నా ఉయ్యాల బరువని గొణిగి
నాలుగు తగ్గించమంది. మూడు తగ్గించాను.
దారం పెట్టి చూస్తే ఫ్రేము నాలుగు వేళ్లు ఎక్కువ.
అంచులు కోసి చిన్నది చేసిస్తానన్నాను.
"కోయొద్దు!"
ఎంత గట్టిగా అందంటే
వీధిలో కుక్క తలెత్తి చూసింది.
"బీరువా జరుపుకుంటాను."

ఆ తర్వాతే తెలిసింది, ఆమె ఊరు
బొగ్గు గనిలోకి పోయిందని.
ముందు చర్చి గంట దించారట, తర్వాత సమాధులు,
ఆ తర్వాత వాళ్ల ముసలి బేరి చెట్టు.
అది మాత్రం మూడు రోజులు మొరాయించిందట.
ఇప్పుడక్కడ చెరువు. పడవలు అద్దెకిస్తారు.
ఫోటోలున్నాయి, పెట్టె నిండా.
"అన్నిట్లోనూ రంగులు సరిగ్గా ఉన్నాయి.
అందుకే ఏదీ మా ఊరిలా లేదు."

సోర్బియన్‌లో డబ్బులు లెక్కపెడుతూ మధ్యలో ఆగి
"ఇది ఎక్కడి పొలం?" అంది.
ఎక్కడిదీ కాదేమో, గీసినాయన ఊహేమో అన్నాను,
నాకూ సరిగ్గా తెలీదు.
"మంచిదే. అయితే తవ్వడానికెవరూ రారు."

అద్దం మాత్రం వద్దంది.
పొలం మధ్యలో తన ముఖం పడుతోందట.
వెలిసిపోతుందమ్మా, పదేళ్లలో, అన్నాను.
"పదేళ్లా!" అని అప్పుడు నవ్వింది.

కాగితం చుట్టిన బొమ్మ చంకలో పట్టక,
బొమ్మే ఆమెను మోసుకుపోతున్నట్టు
వంకరగా ట్రాము ఎక్కింది.
ఒకచోట కాగితం చిరిగి
కొంచెం ఎరుపు తడిసింది.

అద్దం నా దగ్గరే ఉంది, గోడకి ఆనించి.
అప్పుడప్పుడు దుమ్ము తుడుస్తాను.
అందులో వీధి కనిపిస్తుంది.
ట్రాములు పసుపు, రోడ్డు బూడిద,
అన్నీ ఉన్న రంగుల్లోనే.