వాన జొన్న

పదకొండు రోజులు మా షెడ్డుల కూసుండి
జంపఖానల పోగులు లెక్కపెట్టింది సొలాంజ్.
పోయేనాడు ఒక పొట్టి సీసా
నూలు కండెల నడుమ పెట్టి
పేరు చెప్పింది, వాన్ జోన్.
మా అత్తమ్మకు 'వాన జొన్న' అని వినబడ్డది.
"జొన్నల సారనా బిడ్డా?"
ఏం సమజైందో, ఆమె ఔనన్నట్టే తలూపింది.

జోన్ అంటే పసుపుపచ్చనట.
జూరా అని ఒక కొండసీమట,
చలికాలమంత ఆవులు కొట్టం దాటయట.
ఎన్ని చెప్పినా కొత్తవాడల, మా ఇంట్ల
అది వాన జొన్ననే.

ఆదివారం మొగిలన్న వచ్చిండు
ధర్మసాగరం తాళ్లు దిగి,
మోకు ఇంకా భుజం మీదనే.
ఫ్రిజ్‌ల ఉన్న సీసా చూసి
"సల్లగ పెడితే వాసన సస్తది" అని
తీయించి బండ మీద పెట్టించిండు.

స్టీలు గ్లాసుల ఒక గుక్క.
పులుపు, ఉప్పు, అక్రోటు పొట్టు వగరు.
చెడిపోయిందనుకున్న.
మొగిలన్న తాగలే. వాసన చూసిండు.
మళ్లొకసారి చూసిండు.
"మెంతులు" అన్నడు.
"వేయించినయి. తొక్కుల కలిపే ముందటియి."
అత్తమ్మ గ్లాసు గుంజుకొని చూసి, ఔనన్నది.
ద్రాక్షలకు మెంతులు ఏడికెల్లి వచ్చినయి?

సొలాంజ్ ముక్కలు ముక్కలుగ చెప్పింది
నేను ఇంకిన్ని ముక్కలు చేసి చెప్పిన:
పీపాల తగ్గితే మళ్ల నింపరట.
తగ్గిన జాగల, రసం మీద
ఒక తెర కడతదట, ఎవరూ నేయంది.
దాని కింద ఆరేండ్ల మూడు నెలలు.

"ఆరేండ్లా!" మోకు దించిండు మొగిలన్న.
"నా కల్లు పొద్దుగూకేదాంక ఆగది.
తెర కడితే మేం లొట్టి కడుగుతం."
లీటరు పోస్తే ఎంత మిగుల్తది?
ఆరువందల ఇరవై.
కడమది?
గాలి తాగిందట.
"గాలికి మంచిగనే పోసిండ్రు."

సీసా తిప్పి చూసిన.
అడుగున అరవై రెండు, చిన్న అంకె.
మా సేటు నూలు తూచి ఇస్తడు
జంపఖాన తూచి తీస్కుంటడు
నడుమ పోయిన దూది
షెడ్డు దూలాల మీద, మా ఆయన దగ్గుల
ఉన్నదున్నట్టే ఉంటది.
తరుగు అని రాసి కూలిల కోస్తడు.
వాళ్లు తరుగుకు కొలత పెట్టి
సీసానే చేసిండ్రు.

ఈ ముచ్చట కాడ చానసేపు ఆగిన.
రెండో గుక్క ఎప్పుడు మింగిన్నో తెల్వదు.
ఈసారి పులుపు అంత పులుపుగ లేదు.
ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి ఏసి గుడాలు తెచ్చిన.
గుడాలతోని అయితే బాగనే పోయింది.
మొగిలన్న సగం గ్లాసు తాగి
రేపు తొలి లొట్టి తెస్తనన్నడు,
బాకీ ఉంచుకోడట.

మిగిలింది మూత బిగించి
బియ్యం డబ్బా ఎనక పెట్టిన.
తెరిచినా నెలలు ఆగుతదట.

సోమవారం కాంటా కాడ
సేటు కలం తరుగు మీదికి రాంగనే
నాలిక అంచుల మెంతుల చేదు తగిలింది.
ఏమన్న అంటనేమోనని
మా ఆయన నా దిక్కు చూసిండు.

ఇంకా అనలే.