బేడ వంతు పడవ

మూనాలో నా పని పళ్లు కట్టడం.
వీధివైపు గదిలో నోళ్ల అచ్చులు తీస్తాను,
వెనక గదిలో సుద్ద దవడల మధ్య కూచుని
మైనం కరిగించి ఒక్కో పన్నూ నిలబెడతాను.
హోబార్ట్‌లో కొందరు
నా చేతి నవ్వే నవ్వుతారు.

సిగ్నెట్ నుంచి బస్సులో వచ్చేది మెయిడా డైరీన్.
ఎనభై ఆరేళ్లు. కొత్త పళ్లు పెట్టుకుని
వేరుశనగ గింజ కొరికి చూసి అంది:
"ఇంత సన్నపని వచ్చు కదా, నాకో పడవ చేసిపెట్టు."
సంచీలోంచి ఫోటో తీసింది.
జెట్టీ పక్కన దోనె, పదకొండడుగులు,
కుడి పక్క మాత్రమే కనబడుతోంది.
అసలుది అరవై ఏడు ఫిబ్రవరి కార్చిచ్చులో
షెడ్డుతో సహా పోయిందట.

గోరంతను కొండంత చేయడం
మా మేనత్తలందరికీ వచ్చిన విద్యే.
కొండంతను గోరంత చేయడమే ఎవరూ నేర్పలేదు.
ఎనిమిదో వంతు అని గీసుకున్నాను.
మా తాత లెక్కలో రూపాయికి బేడ.
పదకొండడుగులు పదహారున్నర అంగుళాలయ్యాయి.

కర్ర హ్యూఆన్ పైన్. లవంగ నూనె వాసన గదిలోకి
తీపి కర్ర వాసనొకటి వచ్చి కూచుంది.
ఈ చెట్టు ఏడాదికి మిల్లీమీటరు లావెక్కుతుందంటారు.
నేను చీల్చిన పలక మందం మిల్లీమీటరే.
అంటే ఒక్కో పలకా ఒక్కో ఏటి వాన.
ఒకటి పుటుక్కుమంది.
పద్దెనిమిది వందల ఎన్నో ఏడాదిని
ఊడ్చి చెత్తబుట్టలో వేశాను.

వెన్నుకర్ర ముందు. దానిమీద పక్కటెముకలు.
కుక్కర్ విజిల్ తీసేసి ఆవిరికి పడితే
పలకలు ఒక నిముషం మాట వినేవి,
మరో నిముషానికి మొరాయించేవి.
పెంకు మీద పెంకులా ఒకదాని అంచు మీద ఒకటి.
గుండుసూది ముక్కలే మేకులు,
పళ్ల సందుల్లో లాగే మైనపు దారమే మోకు,
నా జేబురుమాలు తెరచాప.
మూలన ఇంకు మరక పోలేదు. ఉండనీలే అనుకున్నా.
ఎడమ పక్క కుడి పక్కకు అద్దం పట్టినట్టు వచ్చింది.
నాకు నేనే ముచ్చటపడ్డాను.

వెనక పలక మీద పేరు రాయాలి. టప్పెన్స్.
అంటే? అని ఫోన్లో అడిగాను.
"రెండు పెన్నీలు. దీని విలువ అంతేననేవాడు నాన్న."
రెండణాలు, మా భాషలో బేడ, అన్నాను.
కాసేపు ఇద్దరం ఏమీ అనలేదు.

పడవ తీసుకెళ్లేసరికి ఆమె చూపు బాగా మందగించింది.
ఒళ్లో పెట్టుకుని రెండు బొటనవేళ్లతో
ముక్కు నుంచి వెనక్కి తడిమింది.
మళ్లీ తడిమింది.
"చాలా బాగుంది. కానీ ఇది మాది కాదు.
మా దోనెకు ఎడమ చెంప ఉబ్బు.
నాన్న ఒక కన్ను మూసుకుని కొలిచేవాడు.
వదిలేస్తే చాలు, అలిగినట్టు ఎడమకే లాగేది."

ఇరవై రెండేళ్లుగా నోళ్లు చూస్తున్నాను.
రెండు పక్కలా సమానమైన దవడ ఒక్కటీ తగల్లేదు.
కుడి కోర చూసి ఎడమ కోర చెక్కితే
మనిషి అన్నం నమలలేదని కుర్రాళ్లకు చెప్పేదాన్నీ నేనే.
పడవ దగ్గరికొచ్చేసరికి ఆ బుద్ధి ఎటుపోయిందో.

ఎడమ పలకలు ఐదూ విప్పేశాను.
ఎంత ఉబ్బు? అంటే
నాలుకతో చెంపను లోపలి నుంచి నెట్టి చూపించింది.
నవ్వకుండా కొలుచుకున్నాను.
దాన్ని ఎనిమిదితో భాగించాలో లేదో తెలియలేదు.
భాగించలేదు.

ఆగస్టు చలిలో, ఆమె ఇంట్లో,
బట్టలుతికే తొట్టి నింపి వదిలాం.
గాలి నేనే, చేతిలో అట్టముక్క.
టప్పెన్స్ రెండు జానలు తిన్నగా పోయి
ఎడమకు తిరిగి తొట్టి గోడను తట్టింది.
టక్.
"ఊఁ" అంది మెయిడా.
మళ్లీ వదిలాను. ఆమె అటు చూడనే లేదు.
కుర్చీలో, తొడ పక్కన, కుడి చెయ్యి
లేని చుక్కాని పిడిని
వేలెడంత ఎడమకు తోసి
అలాగే పట్టుకుని ఉంది.