అటూ ఇటూ

గ్రాఫు కాగితం మీద ఇరవై నాలుగు రేకులు గీసుకుని
నరసాపురం వచ్చాను.
మంగతాయారు ఇరవై మూడే అల్లింది.

విప్పమన్నాను.
దారం కొస పట్టి లాగింది.
మూడు రోజుల పువ్వు
ఒళ్లో కుప్పయింది.
ఏమీ అనలేదు. సూది ముడిలో దోపుకుని
పొయ్యి మీద చారు చూడ్డానికి లేచింది.

శనివారానికి ముక్కలన్నీ కలిపి దుప్పటి కుట్టారు.
మొగల్తూరువి బిగువు,
సీతారామపురానివి సడలు,
ఒకదానికి కాస్త చేపల వాసన.
కొలబద్ద పట్టుకుని
తప్పుల కోసం దాని మీద పాకుతున్నాను.

"అంత దగ్గర్నుంచైతే చిల్లులేనండి కనపడేది.
డాబా ఎక్కండి."

ఎక్కాను.
కింద వాకిట్లో
బిగువు పక్కన సడలు
ఎలా సర్దుకుందో,
ఎత్తు చేను తగిలితే కాలవ
పక్కకి తప్పుకుని పల్లానికి పోయినట్టు.
నా ఇరవై నాలుగు ఎక్కడుందో వెతికాను.
గాలికి దుప్పటంతా ఒక్కసారి లేచి
మళ్లీ పడుకుంది.

దిగొచ్చి, ఆ విప్పిన దారం ఉందా అనడిగాను.
"అదా! ఎప్పుడో ఇంకో పువ్వైపోయిందండి."

ఆ రాత్రి కొత్త కాగితం మీద రాశాను:
రేకులు ఇరవై నాలుగు,
అటూ ఇటూ.