రంగు రాని గుంట

మా గదిలో వైరస్ లేదు.
దాని చొక్కా గుండీ ఒకటి ఉంది, అంతే.
కుట్టిపెట్టినవి
ఏదో చిమ్మట అండాశయం నుంచి ఎప్పుడో తీసిన కణాలు.
ఇరవై ఏడు డిగ్రీల వెచ్చదనంలో
నాలుగు రోజులు గాజు కూజాలో ఊగుతూ
ఎవరి కొలతలో అడక్కుండా కుట్టాయి.

చిదిపి, వడగట్టి,
నికెల్ పూసల గొట్టంలోంచి జారవిడిస్తే
అక్కర్లేనివన్నీ కిందికి పోయాయి,
గుండీ మాత్రం తోక పట్టుకుని వేలాడింది.
ఇది రెండోసారి. మొదటిసారి నేను
ఫ్రిజ్ తలుపు సరిగా వేయక
మొత్తం పాలలా విరిగిపోయింది.
ఇలియాంకా ఒక్క మాట అనలేదు.
అంటే బాగుండేది.

తర్వాత ఎలుక. పదకొండో నంబరు, చెవికి చిల్లు.
మూడుసార్లు సూదితో పరిచయం చేస్తే
గుండీని గుర్తుపెట్టుకుంది.
ఆ గుర్తును ప్లీహంలోంచి తీసి
చావెరగని క్యాన్సర్ కణానికి ముడివేశాం.
ఎలుక పోయింది.
గుర్తు నాకన్నా ఎక్కువకాలం ఉంటుంది.

పరీక్ష అంటే కుర్చీలాట.
గుంట అడుగున గుండీలు.
ముందు పంది సీరం, వెనక ఎలుక ప్రతిరక్షకం.
చోటు ఖాళీగా దొరికితే ఎలుకది కూర్చుంటుంది,
రంగు వస్తుంది.

బుకారెస్ట్‌లో మంచు. మూడు రోజుల్లో ఇగ్నాత్,
ఊళ్లలో కత్తులు నూరే పండగ.
ఈ ఏడు డెల్టాలో కోయడానికి పందులేవి?
సెవాస్తియన్ తెచ్చిన తొంభై గొట్టాలూ పోశాను.
నీలం, నీలం, ఆమ్లం పడగానే పసుపు.
కొన్నిటికి జబ్బు తాకలేదు.
కొన్నిటికి
తెలుసుకునేంత ఆయుష్షు చాలలేదు.

డి వరసలో ఏడో గుంట నీళ్లలా ఉండిపోయింది.
మళ్లీ చేశాను. మళ్లీ నీళ్లే.
ఎవరో ముందే వచ్చి కూర్చున్నారక్కడ.

చీటీ మీద సెవాస్తియన్ కోడిగీతలు:
ఎవ్తీహియె. ఆడపంది. నాలుగేళ్లు.
పది రోజులు మేత ముట్టలేదు, తర్వాత తింది.

మాకు ఏడాదిన్నర పట్టిన పని
అది గడ్డిలో, జ్వరంలో పడుకుని చేసుకుంది,
నికెల్ లేదు, ఎలుక లేదు.

జబ్బు తాకిన పందిని ఉంచకూడదు.
బతికినా సరే. రూలు అది.
ఫోన్ నేను చేస్తానన్నాను, ఎందుకన్నానో.

“అంటే గెలిచిందా?” అన్నాడు ముసలాయన.
ఔనన్నాను.
రెండో వాక్యం నోట్లోనే ఉంది.
అవతల బకెట్ చప్పుడు,
ఆ వెంటనే గురగురమంటూ
ఎవరో ఆత్రంగా తింటున్న చప్పుడు.