రాయి గీసిన గీత

ఏడో తరగతి సైన్సు పుస్తకంలో ఒక గవ్వ బొమ్మ.
చుట్టచుట్టుకుని, రాయి లోపల నిద్రపోతున్నట్టు.
"శిలాజం" అని మూడుసార్లు చెప్పించాను.
మూడోసారి గొంతు కలపకుండా
ఇజ్జాడ పైడిరత్నం లేచి నిలబడింది:
"మన గరివిడిలో దొరకవా సారూ, ఇలాటియ్యి?"

దొరకవన్నాను.
క్లాసంతా ఉసూరుమంది,
బడికి గుడ్డు రాని రోజులాగా.

ఏం చెప్పను వాళ్ళకి?
మన గుట్టల రాయి గవ్వ పుట్టకముందుది,
చేప ఈదకముందుది,
ఎముక అనే ఆలోచన
ఇంకా ఏ నీటికీ రాకముందుది.
వంద కోట్ల ఏళ్ళకు పైమాటే,
ఇక్కడొక సముద్రం ఉండేది.
దాని అడుగున బురద.
ఆ బురదని భూమి కిందికి లాక్కుపోయింది,
నేను రోజూ విజయనగరంలో పాసింజరెక్కి
ఇక్కడ దిగేంత దూరం,
కాకపోతే నిలువుగా.
ఆ దారిలో స్టేషన్లు లేవు. వేడి ఉంది.
పొయ్యిలో పడ్డ ఉత్తరం సంగతి తెలిసిందే కదా,
అందులో ఎవరి చేవ్రాలు ఉన్నా చెరిగిపోయింది.
మిగిలింది మాత్రం బూడిద కాదు,
ఎర్రెర్రని గార్నెట్టు గింజలు,
వాన కడిగిన బాట మీద గురివింద గింజల్లా.
పైనున్న బరువంతా వానలు అరగదీసి అరగదీసి
ఆ లోతు ఇవాళ
రైలుకట్ట పక్కన మేకలెక్కే గుట్ట.

మర్నాడు పైడిరత్నం ఒక్కతే రాలేదు.
టిఫిను డబ్బా నిండా రాళ్ళు,
వెనక వాళ్ళ నాయనమ్మ అసిరితల్లి.
కోడూరు గోతుల్లో పదేళ్ళప్పుడే తట్ట ఎత్తిన మనిషి.
ఇప్పుడా గోతుల్లో నీళ్ళు, నీళ్ళలో గేదెలు.
నల్లటి రాయొకటి నా చేతిలో పెట్టింది.
"తూకం సూడు బాబూ.
పిడికెడు రాయి, బిందెడు బరువు.
మేం రంగు సూసి కాదు, సేత్తో ఎత్తి ఏరీవోళ్ళం."

ఇది కూడా ఆ సముద్రం అడుగుదే అన్నాను,
నీళ్ళలో కరిగున్న మాంగనీసు
పొరమీద పొరగా దిగిందన్నాను.
నేను ఆపేలోపే
రాయిని నాలిక్కి తాకించుకుంది.
"ఉప్పేటీ లేదు," అంది.
"మా సెమటే నయం."

డబ్బా అడుగున ఇంకో ముక్క.
గార్నెట్ల మధ్య నల్లగా మెరిసే పొలుసులు.
పైడిరత్నం వేలితో రుద్దింది, వేలు నల్లబడింది.
నోటుబుక్కు మీద రుద్దింది, గీత పడింది.
"సారూ, ఈ రాయికి రాయడం వొచ్చు!"

గ్రాఫైటు. పెన్సిల్లో ఉండేదే. ఒట్టి కార్బను.
అది ఎక్కణ్ణుంచి వచ్చిందో
చదువుకున్నవాళ్ళు ఇంకా వాదించుకుంటున్నారు:
కొంత రాళ్ళ లోపలి ఆవిరి నుంచి,
కొంత, బహుశా,
ఆ సముద్రంలో జిగటగా తేలిన వాటినుంచి.
వాటికి కళ్ళు లేవు, గుల్ల లేదు,
ఒకటి రెండవడం తప్ప ఏ పనీ తెలీదు.
అలాంటి వాటిలోంచే
ఎన్ని తప్పులు, ఎన్ని దిద్దుబాట్ల తర్వాతో
గవ్వ, చేప, కప్ప, మేక,
నోటుబుక్కు మీదికి వంగిన ఈ రెండు జడలు.
ఇదంతా చెబుదామనుకున్నాను.
"కావచ్చు" అని ఒక్క మాట బోర్డు మీద రాసి
కింద రెండుసార్లు గీత గీశాను.
బెల్లు కొట్టేశారు.

వారం తర్వాత రికార్డులు దిద్దుతున్నాను.
అందరూ పుస్తకంలో గవ్వనే దించారు,
ఒకడు దానికి మీసాలు కూడా పెట్టాడు.
పైడిరత్నం పేజీలో బొమ్మ లేదు.
ఈ మూల నుంచి ఆ మూలకి
రాయితో రుద్దిన నల్లటి మరక,
కిటికీ వైపు వంచితే మిలమిల.
కింద "పటం: శిలాజం" అని ఉంది.
జీవి పేరు రాయాల్సిన చోట ఖాళీ.

అలవాటు కొద్దీ ఒక మార్కు తీసేశాను.

పుస్తకం పట్టుకుని వచ్చి బల్ల దగ్గర నిలబడింది.
"మరి దాని పేరేటి సారూ?"

అప్పుడే గూడ్సు వచ్చింది,
కిటికీ ఊచలు, సుద్దముక్కలు, నా గొంతు
అన్నీ కలిపి వణికిస్తూ.
చాలా పొడుగు బండి.
పొడుగ్గా ఉన్నందుకు సంతోషించాను.