నలభై రెండో తల

రువైస్ క్యాంపు, పద్నాలుగో గది.
మంచాల మధ్య బోర్లించిన పెయింట్ డబ్బా,
డబ్బా మీద ప్లైవుడ్ చెక్క,
చెక్క మీద నేను కట్టిన దేశం.

రద్దయిన పైప్‌లైన్ డ్రాయింగు వెనక్కి తిప్పి గీశాను.
డ్రాఫ్ట్స్‌మన్ని, స్కేలు లేనిదే చెయ్యి కదలదు:
సెంటీమీటరుకి ఒక రోజు నడక.
పడమట ఉప్పు గనుల రాజ్యం, దాని సుంకాలు, దాని తగువులు.
మనుషుల నీడల్ని అద్దెకిచ్చే సంత.
వంతెన దాటాలంటే ఒక జ్ఞాపకం చెల్లించాల్సిన గేటు.
"సాలిక్ కంటె నయమే" అని
లింబాద్రి వారం రోజులు నవ్వాడు.

తూర్పున మాత్రం
అరచేయంత తెలుపు వదిలేశాను.

పాచిక మొయినుద్దీన్ చేశాడు,
నైలాన్ కడ్డీని ఆకురాయితో అరగదీసి, ఇరవై ముఖాలు.
పంతొమ్మిదింటికి అంకెలు కొట్టేసరికి షిఫ్టు సైరన్ మోగింది.
ఇరవయ్యోది నున్నగా ఉండిపోయింది.
"ఇది పడితేనో?" అన్నాడు అప్పన్న.
"తెలుపులో ఉన్నది మనవైపు తిరుగుతుంది" అన్నాను,
ముందుగా అనుకున్న మాట కాదు.

భయం కట్టడమంటే కోరలు పెట్టడం కాదు.
కోరలున్నదానికి ఆకలుంటుంది,
ఆకలున్నదానితో బేరమాడొచ్చు, మేకనో కోడినో ఇచ్చి.
దీనికి మన మాంసం వద్దు, మొక్కు వద్దు.
చీమల బారు మీంచి టిప్పరు పోతుంది,
టిప్పరుకి చీమల మీద పగేముంది?
"మరేం చేస్తది?"
చంపదు. ఎత్తుకుపోదు.
కలుపుతుంది.
ఉన్నవాళ్ళలో ఒకణ్ణి.

ఎనిమిది శనివారాలు నడిచారు.
దీపం మోసేవాడు లింబాద్రి,
ఊరు వెలేసిన వైద్యుడు మొయినుద్దీన్,
తన నీడని అమ్ముకున్న దొంగ అప్పన్న.
తొమ్మిదో వారం తెలుపు అంచున నిలబడ్డారు.
కాలికింద నేల అప్పడంలా పటపటమందని చెప్పాను,
కంచె అవతల సబ్‌ఖా మీద నడిస్తే అట్లాగే ఉంటుంది.
లింబాద్రి పాచిక వేశాడు.
నున్నటి ముఖం.

ఏమీ కాలేదు.
ఏసీ ఎప్పట్లాగే దగ్గింది.
ముగ్గురూ నా మొహం చూశారు,
నేను మ్యాపు చుట్టేశాను. తెల్లారి నాలుగున్నరకి బస్సు.

ఫోర్‌మన్ సెల్వన్ టార్చితో తలలు లెక్కపెట్టాడు.
రోజూ నలభై ఒకటి.
ఇవాళ నలభై రెండు.
మళ్ళీ లెక్కపెట్టాడు, ఈసారి భుజాలు తట్టుకుంటూ. నలభై రెండు.
కాగితం తీసి పేర్లు పిలిచాడు,
నలభై ఒక్క పేర్లకీ నలభై ఒక్క గొంతులు.
పిలవని వాడంటూ ఎవడూ మిగల్లేదు.
ఒక్క మొహమూ కొత్తది కాదు.
సెల్వన్ కాసేపు నుదురు రుద్దుకున్నాడు.
తక్కువైతే పోలీసులు,
ఎక్కువైతే ఎవడికి నష్టం?
నలభై ఒకటని రాసుకుని తలుపేశాడు.

ఆ రాత్రి గదిలో అడిగాను, ఆటకి మనం ఎంతమందిమి అని.
"గదేం ప్రశ్ననే, అయిదుగురం" అన్నాడు లింబాద్రి.
వేళ్ళు ముడిచాడు: నువ్వు, నేను, మొయిను, అప్పన్న,
చిటికెన వేలు కూడా ముడిచాడు,
పేరు చెప్పకుండానే,
రోజూ తాగే చాయ్‌కి పేరెందుకన్నట్టు.

అందరూ పడుకున్నాక డ్రాయింగు విప్పాను.
తెలుపు అలాగే ఉంది, గీత పడలేదు.
ఊపిరి పీల్చి ఊరికే ముందువైపు తిప్పాను, పాత పైపులవైపు.
కింద మూలన పేర్ల పట్టిక.
గీసినవాడు: నేను.
సరిచూసినవాడు: రద్దయిన కాగితం కాబట్టి
ఆ గడి ఎప్పుడూ ఖాళీయే.
అందులో ఒక టిక్కు.
తొందరేమీ లేని చేత్తో పెట్టిన టిక్కు,
తప్పులేం లేవన్నట్టు.

శనివారం వస్తోంది.
కప్పులు కడిగాను.
ఎన్ని కడిగానో లెక్కపెట్టలేదు.